గాజు మీద ఏటవాలు గీత

ఏటవాలక్కను కిటికీ దగ్గర, వేళ్ళ మధ్య ఒక గాజు స్లైడుతో వదిలి వచ్చాం. ఆ స్లైడు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వెలుతురుకు ఎదురుగా ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయింది.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఆస్పత్రి వెనకున్న పరిశోధన భవనంలో, రెండో అంతస్తులో, లివర్ ముక్కలు కోసే టెక్నీషియన్ ఈవిడ. పేషెంటు పక్కటెముకల సందులోంచి సూదితో లాగిన ముక్క దారం పోగంత ఉంటుంది. దాన్ని మైనంలో పాతిపెట్టి, ఆ మైనం బ్లాకును కంటికి ఆనని పొరలుగా కోసి, గాజు మీద పరిచి, రంగు వేసి డాక్టర్లకు అందించడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. అందరూ ఆ పోగును నిలువుగా పాతితే ఈవిడ మాత్రం మూల నుంచి మూలకు, ఏటవాలుగా పాతుతుంది. అలా అయితే కత్తి ముందు మొనను తాకుతుందనీ, ముక్క నలగదనీ ఆమె లెక్క. లాబ్ మొత్తం నవ్వింది, పేరు పెట్టింది, ఆ పేరుతోనే పిలుస్తోంది.

ఆమె ఆడపడుచుకు లివర్ జబ్బు. పైత్యరసాన్ని మోసే సన్నని గొట్టాలు ఒక్కొక్కటే చచ్చిపోయి, లివర్ మచ్చకట్టి గట్టిపడిపోయే రకం. దానికి ఈ భవనంలో కొత్త మందు పరీక్షిస్తున్నారు. తొమ్మిది మంది పేషెంట్లు, ఏడాది పాటు రోజుకో బిళ్ళ. మందుకు ముందు ఒక బయాప్సీ, ఏడాది తర్వాత ఇంకొకటి. ఆడపడుచు రెండో రిపోర్టు వచ్చింది: గొట్టాలు బతికాయి, మచ్చ తగ్గింది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుని అందరికీ డోసు రెట్టింపు చేయబోతోంది. ఆడపడుచు కళ్ళు మాత్రం పోయిన నెలకన్నా పచ్చబడ్డాయి.

ఇంకొక్క సంగతి. పేషెంట్లలో సొంత మనిషి ఉంటే ఆ ముక్కలు ముట్టుకోకూడదని రూలు. అందుకని రెండో బయాప్సీల వారం ఏటవాలక్కను సెలవులో పంపించారు. ఆ తొమ్మిది ముక్కలనూ మైనంలో పాతింది స్కేలు మాస్టారు. గీత గీసినట్టు నిటారుగా పాతే మనిషి. ఆయన పేరూ అలా వచ్చిందే.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఆడపడుచు రెండో బయాప్సీ స్లైడు. గాజు మీద గులాబీ రంగు గీత, మూల నుంచి మూలకు, ఏటవాలుగా ఉంది.

"ఏమ్మా ఏటవాలూ, ఎండలో ఆరబెడుతున్నావా?"

ఉలిక్కిపడి తిరిగింది. గుమ్మంలో స్కేలు మాస్టారు, చేతిలో టీ గ్లాసు. అరవైకి దగ్గర పడిన మనిషి, చొక్కా మడత కూడా నలగదు.

"దుమ్ము పడిందేమోనని చూస్తున్నా మాస్టారూ."

"నేను కోసిన వాటి మీద దుమ్మా? బాగుంది. ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్నా, నీకు నా మీద నమ్మకం లేదు." నవ్వి, టీ ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆమె స్లైడును చేతిరుమాల్లో చుట్టింది. దాన్ని తీసిన పెట్టెను చంకలో పెట్టుకుని మేడమ్ గది వైపు నడిచింది. గడియారం పది నలభై చూపిస్తోంది.

* * *

పాథాలజీ మేడమ్ గదిలో టేబుల్ నిండా ఒకటే వస్తువు, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని చూసే మైక్రోస్కోపు. ఏటవాలక్కకు బ్లాకులు కోసే మిషను పట్టడం నేర్పింది ఈవిడే. అప్పట్లో టెక్నీషియన్ రాని రోజు మేడమే కొంగు దోపుకుని బ్లాకులు కోసేది. ఈ భవనంలో ఆ కత్తి పట్టడం వచ్చినవాళ్ళు ముగ్గురే: మేడమ్, స్కేలు మాస్టారు, ఏటవాలక్క.

"రా. మొహం ఏంటలా ఉంది? మీ ఆడపడుచు ఎలా ఉంది?"

"పొద్దున వార్డుకెళ్ళి చూసొచ్చా మేడమ్. బస్టాండులో పసుపు గీత మీద నిలబడితే గీతెక్కడో నేనెక్కడో ఎవరికీ తెలీదు వదినా అని జోకులేస్తోంది. గోకి గోకి చేతులు పుళ్ళు పడ్డాయి."

ఆడపడుచు బస్టాండులో అనౌన్సరు. ఊళ్ళో సగం మందికి ఆమె మొహం తెలియదు, గొంతు మాత్రం తెలుసు. ఏటవాలక్క మొగుడు చనిపోయినప్పటి నుంచి ఆ ఇంటిని నిలబెట్టిందీ ఆ గొంతే. పోయిన నెల నుంచి ఆ గొంతు మైకులో కూడా వినిపించనంత సన్నబడింది.

"దురద పైత్యానిది. తగ్గడానికి టైము పడుతుంది. రిపోర్టు బాగుంది కదా!"

ఏటవాలక్క రుమాలు విప్పి స్లైడును టేబుల్ మీద పెట్టింది.

"ఇది తనది కాదు మేడమ్."

మేడమ్ దాని వైపు చూసింది. ముట్టుకోలేదు.

"లేబుల్ మీద నంబరు తనదే. ముక్క తనది కాదు. ఏటవాలుగా ఉంది చూడండి. ఆ వారం నేను ఇంట్లో ఉన్నా. మాస్టారు చచ్చినా ఇలా పాతరు. ఇది నేను పాతింది. అంటే పోయిన ఏడాది బ్లాకు, మొదటి బయాప్సీలలోది ఏదో. ఎవరో దాన్ని మళ్ళీ కోసి తన నంబరు అంటించారు."

"పొర నీళ్ళలో తేలేటప్పుడు తిరిగి ఉంటుంది. గాజు మీదకి వంకరగా ఎక్కి ఉంటుంది."

"అప్పుడు పొర చుట్టూ మైనం కూడా వంకరగా ఎక్కాలి కదా మేడమ్. మైనం అంచు తిన్నగా ఉంది. ముక్కే ఏటవాలుగా ఉంది."

"నువ్వు చాలా అలసిపోయావు. ఇంటికెళ్ళి పడుకో."

ఏటవాలక్క కదల్లేదు. ఆమె చూపు స్లైడు మీద లేదు, మేడమ్ చేతుల మీద ఉంది. ఇరవై రెండేళ్ళలో ఈవిడ ముందు ఏ గాజు ముక్క పెట్టినా ముందు మైక్రోస్కోపు కింద తోసేది, తర్వాతే మాట్లాడేది. ఒకసారి భూకంపం వచ్చి భవనమంతా బయటికి పరిగెత్తితే, ఇంకొక్క నిమిషం అని స్లైడు చూస్తూ కూర్చున్న మనిషి. ఇవాళ ఆ చేతులు ఒడిలో ముడుచుకుని ఉన్నాయి.

చూడాల్సిన పని లేదు కాబట్టి చూడలేదు. ఆ స్లైడులో ఏముందో ఆవిడకు ముందే తెలుసు.

"మీరా మేడమ్?"

మేడమ్ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"మేమంతా లెన్సులోంచే చూస్తాం," అంది చివరికి. "గాజును వట్టి కళ్ళతో చూసేదానివి నువ్వొక్కదానివే. ఆ సంగతి మరిచిపోయాను."

"ఎందుకు మేడమ్? మీకేం ఖర్మ?"

"ఎందుకా? పోయిన నెల ఇదే గదిలో, అదిగో అక్కడ, నేల మీద కూర్చుని ఏడ్చావు. ఏమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. ఒక్కో అక్షరం గుర్తుంది. 'ఎలాగైనా సరే మేడమ్, దాని పేరు మాత్రం కొట్టెయ్యనివ్వకండి. దానికి ఇంకో మందు లేదు.'

"మీ ఆడపడుచు ముక్క సూదిలోనే విరిగింది. పొడి పొడిగా వచ్చింది. కోస్తే మిగలదు, పనికిరాదు మేడమ్ అని మాస్టారు బ్లాకు తెచ్చి నా ముందు పెట్టాడు. పనికిరాదని నేను రాస్తే రూలు ప్రకారం ఆమె ట్రయల్లోంచి బయటికే. మందు ఆగిపోతుంది. ఇంకోసారి పొడుద్దామంటే రక్తం గడ్డకట్టడం లేదన్నారు." మేడమ్ గొంతు తగ్గింది. "మిగతా వాళ్ళ స్లైడులన్నీ బాగున్నాయి. మందు పనిచేస్తోంది కదా, దీనికీ పనిచేసే ఉంటుందని అనుకున్నా. జబ్బు అంతగా ముదరని ఒకాయన పాత బ్లాకు తీసి, ఒక్క పొర కోశాను. ఒక్కటే. నీ కోసం."

నా కోసం. ఆ మాట ఏటవాలక్క గుండెలో ముల్లులా దిగి అక్కడే విరిగింది. తన నోటితో తనే అడిగింది. అడిగింది దొరికింది.

తిట్టాలో కాళ్ళు పట్టుకోవాలో తెలియలేదు. రెండూ చేయలేదు. "అసలు ముక్క ఎక్కడుంది?" అని అడిగింది.

మేడమ్ సొరుగు తాళం తీసింది. అడుగున, దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో సగమంత మైనం బ్లాకు. వెలుతురుకు పెడితే లోపల ఆవగింజల్లాంటి నలుసులు ఏడో ఎనిమిదో, ఒకే వరసలో కనిపించాయి. మాస్టారు పొడిని కూడా స్కేలు పెట్టినట్టే పాతాడు.

"నేను కోస్తా మేడమ్."

"మాస్టారే చేతులెత్తేశాడు. నాలుగు పొరలు కూడా రావు."

"ఒక్కటి వచ్చినా చాలు."

* * *

లాబ్‌లో స్కేలు మాస్టారి స్టూలు ఖాళీగా ఉంది. బల్ల మీద టీ గ్లాసు, సగం తాగింది, ఇంకా పొగలు వస్తోంది. ఎక్కడికో వెళ్ళి ఉంటాడు, ఒకందుకు మంచిదే అనుకుంది.

బ్లాకును మంచు పలక మీద బోర్లించి పది నిమిషాలు ఉంచింది. మైనం గట్టిపడితేనే కత్తి మాట వింటుంది. కొత్త బ్లేడు తీసింది. బ్లాకును మిషనుకు బిగించి, చక్రం మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టింది.

చక్రం ఒకసారి తిరిగితే వెంట్రుకలో పదిహేనో వంతు మందం పోతుంది. మొదటి ఆరు తిప్పులకు వట్టి మైనం. ఏడో తిప్పులో ఒక నలుసు కత్తికి తగిలి ఎగిరిపోయింది. ఎనిమిదిలో ఇంకొకటి.

"ఆగవే తల్లీ, ఆగు," అంది బ్లాకుతో. వదినా ఆడపడుచులు ఒకరి జడ ఒకరు చిక్కు తీసుకునేటప్పుడు అనుకునే మాటలే వచ్చాయి నోట్లోంచి. "కదిలావంటే చంపేస్తా. ఒక్క క్షణం."

బ్లాకు మీద వెచ్చని ఊపిరి ఊదింది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పెళుసు ముక్క వెచ్చబడితే ఒక్క తిప్పుకు మెత్తబడుతుంది, ఒక్క తిప్పుకే. చక్రం తిప్పింది. పొర రిబ్బనులా జారి కత్తి అంచున నిలబడింది. నలుసులు అయిదు, చెక్కుచెదరకుండా ఉన్నాయి. కుంచె కొసతో ఎత్తి గోరువెచ్చని నీళ్ళలో వదిలింది. ముడతలు విప్పుకుని తేలింది. గాజును కిందనుంచి తెచ్చి మీదకి ఎక్కించుకుంది.

వేడి పలక మీద పది నిమిషాలు. మైనం కరిగించే ద్రవంలో, స్పిరిట్‌లో, నీలం రంగులో, నీళ్ళలో, గులాబీ రంగులో. మామూలుగా గంట తీసుకునే పనిని సగంలో ముగించింది. చేతులు వణకలేదు. వణకడం తర్వాత చూసుకోవచ్చని వాయిదా వేసినట్టు, పని జరిగినంతసేపూ రాయిలా ఉన్నాయి.

తడి ఆరని స్లైడును మేడమ్ ముందు పెట్టింది. ఈసారి మేడమ్ చేతులు ఒడిలో లేవు.

ఏటవాలక్క ఎదురుగా కూర్చుని మైక్రోస్కోపు రెండో జత లెన్సులకు కళ్ళు ఆనించింది. ముక్కలు కోయడమే గాని చదవడం ఆమెకు పూర్తిగా రాదు. అయినా ఇరవై రెండేళ్ళ పరిచయం. ఆరోగ్యంగా ఉన్న లివర్ ఎలా ఉంటుందో తెలుసు, పేర్చిన ఇటుకల్లా ఉంటుంది. ఇక్కడ ఇటుకలు లేవు. గోడ కూలిన చోట దుమ్ము ఉంది.

మేడమ్ ఒక నలుసు నుంచి ఇంకో నలుసుకు వెళ్ళింది. మళ్ళీ మొదటిదానికి వచ్చింది.

"జబ్బు ముదిరిందా మేడమ్?"

"ఇది జబ్బు కాదు."

"మరి?"

"ఆ జబ్బు గొట్టాల దగ్గర మొదలవుతుంది. ఇదిగో, ఇక్కడ గొట్టం ఉంది. నలిగింది గాని బతికే ఉంది. చచ్చిపోయింది ఇక్కడ, నెత్తురు బయటికెళ్ళే సిర చుట్టూ. అయిదు నలుసుల్లోనూ అక్కడే." మేడమ్ తల ఎత్తింది. "ఇక్కడ మొదలయ్యేది విషం. మందే తినేస్తోంది దాన్ని. రోజుకొక బిళ్ళకే ఇలా ఉంది."

రెండు బిళ్ళలైతే ఏమవుతుందో ఎవరూ అడగలేదు.

ఏటవాలక్క లేచి నిలబడింది. "రాయండి మేడమ్. కమిటీకి రాయండి. డోసు ఆపమనండి, మందు ఆపమనండి."

"రాస్తే ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడుగుతారు."

"అడగనివ్వండి."

"ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు నాది. సంతకం పెట్టిన మరుక్షణం నేను ఈ కుర్చీలో ఉండను. నువ్వు అడిగితేనే చేశానని కూడా రాయాలి. నువ్వూ ఉండవు."

"నా పేరు ముందు రాయండి. మీది తర్వాత." పెన్నును మేడమ్ వైపు జరిపింది. "మీరు నా మాట విని ఒకసారి తప్పు చేశారు. ఇంకొక్కసారి వినండి మేడమ్. అది ఇంకో బిళ్ళ మింగకూడదు. అంతే. తర్వాత మనల్ని ఏ గంగలో కలిపితే మాత్రమేంటి?"

మేడమ్ కాగితం లాక్కుని పెన్ను మూత తీసింది.

రాస్తున్నంతసేపూ ఏటవాలక్కకు నిలబడి చూడటం తప్ప పని లేదు. చేతులకు పని లేకపోతే ఆమెకు ఊపిరాడదు. సాక్ష్యం కోసం పెట్టె కూడా కమిటీకి పంపాలి కదా, వరసలో పెడదామని మూత తెరిచింది. మిగతా ఎనిమిది మంది రెండో బయాప్సీలు, గాడుల్లో నిలువుగా గుచ్చి ఉన్నాయి. పొద్దున ఆడపడుచుది తప్ప వేరేది ముట్టుకోలేదు. అలవాటు కొద్దీ ఒక్కొక్కటే కిటికీ వైపు ఎత్తింది.

మొదటిదాని మీద గీత నిటారుగా ఉంది. రెండోదీ అంతే.

మూడోది చూసి ఆగిపోయింది.

నాలుగోది తీసింది. అయిదోది తీసింది. తీసినవి తీసినట్టే టేబుల్ మీద పేర్చుకుంటూ పోయింది. చివరికి ఒక వరసలో నాలుగు నిటారు గీతలు, రెండో వరసలో నాలుగు ఏటవాలు గీతలు మిగిలాయి.

"మేడమ్, ఒక్కటే మార్చానన్నారు."

"ఒక్కటే." మేడమ్ రాస్తూనే అంది. తర్వాత తలెత్తి టేబుల్ వైపు చూసింది. పెన్ను ఆగింది. "అవి నేను ముట్టుకోలేదు. నా బిడ్డల మీద ఒట్టు. నా దగ్గరికి వచ్చేటప్పటికే అలా..." బాగున్నాయని తను సంతోషపడ్డ స్లైడులు అవే. మందు పనిచేస్తోందని నమ్మింది వాటిని చూసే.

ఈ భవనంలో ఆ కత్తి పట్టడం వచ్చినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఈ గదిలో ఉన్నారు.

కోస్తే మిగలదు, పనికిరాదని అన్నదెవరు? పొద్దున గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి, తన చేతిలోని స్లైడును చూసి నవ్వినదెవరు?

ఏటవాలక్క ఫోను లాక్కుంది. వార్డు నంబరు తిప్పింది. ఒకసారి మోగింది, రెండుసార్లు, అయిదుసార్లు.

"హలో, లివర్ వార్డు."

"సిస్టర్, నేను. మా ఆడపడుచును పిలువు. వెంటనే."

"అక్కా, ఇప్పుడే పడుకుంది..."

"లేపు సిస్టర్! నీకు పుణ్యముంటుంది, లేపు!"

చెప్పుల చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు. తర్వాత ఊరంతా ఎరిగిన ఆ గొంతు, దారమంత సన్నగా, అయినా వెటకారం తగ్గకుండా వచ్చింది.

"ఏంటి వదినా, బస్సు తప్పిపోయినట్టు ఆ కంగారేంటి?"

"విను. నీ తలగడ కింద మందు సీసా ఉంది కదా. అది సిస్టర్‌కిచ్చెయ్. ఇవాళ్టి బిళ్ళ వేసుకోకు. ఎవరు చెప్పినా వేసుకోకు. వింటున్నావా?"

"నీకేమైనా మతిపోయిందా వదినా? ఇందాకే కదా రెండేసుకోమని చెప్పి పంపించావు. గంట కూడా కాలేదు, మీ స్కేలు మాస్టారు వచ్చి, మీ వదిన చెప్పమంది, నాలుగింటిదాకా ఆగక్కర్లేదట అన్నాడు. పాపం, నేను మింగుతుంటే మంచినీళ్ళ గ్లాసు కూడా ఆయనే పట్టుకున్నాడు." చిన్నగా దగ్గింది. "ఇంకా ఇక్కడే కూర్చుని ఉన్నాడు. ఫోనివ్వనా?"